పాత రోల్ ప్లేయింగ్ గేములకు కొత్త ఓపెన్ సోర్స్ ఇంజిన్లు: నల్లగొండ, పాలమూరు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వైపు డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలు పాత రోల్ ప్లేయింగ్ గేముల గురించి నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలు ఇవి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఆటల పేర్లు, ఫైళ్ళ పేర్లు కూడా తెలుగులోనే ఉంటాయి. నెట్‌లో వెతికేటప్పుడు ఇంగ్లీషులో టైప్ చేసుకోండి.

ఇంజిన్‌ను మళ్ళీ రాయడం అంటే ఏమిటి? ఆటనే మళ్ళీ తయారు చేస్తారా?

ఆటను కాదు, ఆటను నడిపించే ప్రోగ్రాంను. ఏ ఆట తీసుకున్నా అందులో రెండు భాగాలుంటాయి. బొమ్మలు, మ్యాపులు, సంభాషణలు, సంగీతం, ఏ కత్తికి ఎంత బలం, ఏ ఊర్లో ఎవరుంటారు అనేదంతా డేటా. దాన్ని చదివి, తెర మీద గీసి, మీరు మౌస్ నొక్కినప్పుడు ఏం జరగాలో లెక్క కట్టేది ఇంజిన్.

మన దగ్గరి బోరుబావి అనుకోండి. నీళ్ళు బోరులోనే ఉన్నాయి, మోటరే కాలిపోయింది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, స్పేర్ పార్టులు దొరకవు. అప్పుడు తెలిసినవాళ్ళు నలుగురు కూర్చుని అదే బోరులో దిగే కొత్త మోటరు తయారు చేస్తారు. దాని డ్రాయింగు ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా రిపేరు చేయవచ్చు. బోరు మాత్రం మీదై ఉండాలి. ఓపెన్‌ఎండబ్ల్యూ, జెమ్ఆర్‌బీ, ఎగ్జల్ట్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్న) ఇంజిన్లు చేసే పని ఇదే. వాటిని డౌన్‌లోడ్ చేస్తే ఆట రాదు. ఆట డేటా మీరు తెచ్చుకోవాలి.

పాత ఆట పాత ఇంజిన్ మీద ఎలాగూ నడుస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకు?

నడవనివి చాలా ఉన్నాయి. 1992లో వచ్చిన అల్టిమా 7 సంగతి చూడండి. అప్పటి డాస్‌లో మెమరీ చాలక, ఆరిజిన్ కంపెనీ వాళ్ళు ఆ ఆట కోసమే ఊడూ అనే మెమరీ మేనేజర్ రాసుకున్నారు. దానికి విండోస్‌తో పొసగలేదు. అంటే ఆట వచ్చిన కొన్నేళ్ళకే మామూలు కంప్యూటర్లో దాన్ని తెరవడం ఒక తలనొప్పి అయింది. ఎగ్జల్ట్ వాళ్ళు ఆ ఊడూ జోలికే పోలేదు. డేటా ఫైళ్ళు ఎలా ఉన్నాయో చదివి, యూజ్‌కోడ్ అని ఆ ఆటకున్న సొంత స్క్రిప్టు భాషకు కొత్త ఇంటర్‌ప్రెటర్ (ఆ భాషను చదివి నడిపే ప్రోగ్రాం) రాశారు. ఈ రోజు విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నిటి మీదా అదే ఆట నడుస్తోంది.

ఇంకో ఇబ్బంది ఇన్‌స్టాలర్లది. ఆ కాలపు కొన్ని సీడీల్లో సెటప్ ప్రోగ్రాం 16 బిట్‌ది. 64 బిట్ విండోస్‌లో అది అసలు తెరుచుకోదు. ఆట ఫైళ్ళు సీడీలో క్షేమంగా ఉన్నా వాటిని బయటికి తీయడమే కష్టం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఐస్‌విండ్ డేల్ 2 కథ. 2002లో వచ్చిన ఆట అది. బాల్డర్స్ గేట్ లాంటి పాత ఆటలకు మెరుగుపరిచిన ఎడిషన్లు తెచ్చిన బీమ్‌డాగ్ కంపెనీ దీనికీ తేవాలనుకుని అసలు సోర్స్ కోడ్ కోసం వెతికింది, దొరకలేదని చెప్పింది. ఎందరో ఏళ్ళ తరబడి రాసిన కోడ్, దాన్ని భద్రపరచాల్సిన వాళ్ళ చేతుల్లోనే పోయింది. కంపెనీలకు పాత ఆట అంటే అమ్ముడైపోయిన సరుకు, దాని కాగితాలు దాచుకోవాలన్న ఆలోచన చాలామందికి ఉండదు. అదే ఐస్‌విండ్ డేల్ 2ను జెమ్ఆర్‌బీ నడిపిస్తుంది. జీతం లేకుండా, సెలవు రోజుల్లో కూర్చుని పనిచేసినవాళ్ళ వల్ల ఆ ఆటకు చదవగలిగిన, మార్చగలిగిన కోడ్ మళ్ళీ ఒకటి వచ్చింది.

మెరుగుపరిచిన ఎడిషన్లు కొంటే చాలదా అంటారేమో. కొనండి, బాగుంటాయి. కానీ బాల్డర్స్ గేట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌నే 2013లో ఒప్పందాల గొడవ వల్ల కొన్ని వారాలు అమ్మకం నుంచి తీసేశారు. తర్వాత తిరిగి పెట్టారు, అది వేరే సంగతి. మూసి ఉన్న కోడ్ ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు పోతుంది అనేది మన చేతుల్లో ఉండదని ఒక ఉదాహరణగా చెబుతున్నాను. డబ్బు పెట్టి కొన్న ఆట మనదిగా మిగలాలంటే దాన్ని నడిపే యంత్రం కూడా తెరిచి ఉండాలి. ఈ ఇంజిన్లంటే నాకింత ఇష్టం అందుకే.

ఏ ఆటకు ఏ ఇంజిన్?

మీరు అడిగేవాటిలో ఎక్కువగా వచ్చేవి చెబుతాను. 2002లో వచ్చిన మారోవిండ్‌కు, దాని రెండు అదనపు భాగాలు ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్‌లకు ఓపెన్‌ఎండబ్ల్యూ. ఈ ప్రాజెక్టు 2008లో మొదలైంది. మొదట్లో డీ అనే భాషలో రాసి, తర్వాత సీ ప్లస్ ప్లస్‌కు మార్చారు. మొత్తం ఆట మొదటి నుంచి చివరిదాకా హాయిగా ఆడుకోవచ్చు. ఎవరైనా కొత్తగా మొదలుపెడతానంటే నేను ముందు దీన్నే చెబుతాను.

బాల్డర్స్ గేట్ మొదటి రెండు భాగాలు, ఐస్‌విండ్ డేల్ రెండు భాగాలు, 1999 నాటి ప్లేన్‌స్కేప్ టార్మెంట్, ఇవన్నీ ఇన్ఫినిటీ అనే ఒకే ఇంజిన్ మీద వచ్చాయి. వీటికి జెమ్ఆర్‌బీ. అయితే ఇది పాత ఒరిజినల్ వెర్షన్ల కోసం రాసింది, ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్లకు పూర్తి మద్దతు లేదు. కొనేముందు పాత వెర్షన్ కూడా ఇస్తున్నారో లేదో చూసుకోండి.

అల్టిమా 7 రెండు భాగాలకు ఎగ్జల్ట్. అల్టిమా 4, 6, 8 ఇప్పుడు స్కమ్‌వీఎంలోనే (పాత ఆటల ఇంజిన్లు ఎన్నో ఒకేచోట ఉన్న ప్రోగ్రాం) నడుస్తాయి. డాగర్‌ఫాల్‌కు డాగర్‌ఫాల్ యూనిటీ, గోథిక్‌కు ఓపెన్‌గోథిక్. ఆర్‌పీజీ మేకర్ 2000, 2003లతో చేసిన చిన్న ఆటలకు ఈజీఆర్‌పీజీ ప్లేయర్.

డయాబ్లోకు డెవిల్యూషన్‌ఎక్స్, మొదటి రెండు ఫాల్అవుట్లకు కమ్యూనిటీ ఎడిషన్లు ఉన్నాయి. ఇవి బాగా నడుస్తాయి, కాకపోతే పైవాటి కోవలోకి రావు. ఓపెన్‌ఎండబ్ల్యూ, జెమ్ఆర్‌బీ జీపీఎల్ లైసెన్సుతో వస్తాయి. కోడ్‌ను ఎవరైనా మార్చవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు కూడా. డెవిల్యూషన్‌ఎక్స్, ఫాల్అవుట్ కమ్యూనిటీ ఎడిషన్ల లైసెన్సు అమ్ముకోవడాన్ని ఒప్పుకోదు. కోడ్ కళ్ళకు కనిపిస్తుంది, స్వేచ్ఛ మాత్రం కొంత తక్కువ. ప్రాజెక్టు కోసం వాడుకునేవాళ్ళు ఈ తేడా ముందే చూసుకోవాలి.

అన్నా, ఇది పైరసీ కాదా? కాలేజీలో చూపిస్తే ఏమన్నా అంటారా?

ఇంజిన్ వాడుకోవడం పైరసీ కాదు. ఆట డేటాను ఎక్కడి నుంచి తెచ్చారన్నదే ప్రశ్న.

మన దేశపు 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఏ పనులు ఉల్లంఘన కిందికి రావో అందులో రాసి ఉంటుంది. 52(1)(ఏబీ) ప్రకారం, ఒక ప్రోగ్రాంను న్యాయంగా కలిగి ఉన్నవాళ్ళు, తాము సొంతంగా రాసుకున్న ఇంకో ప్రోగ్రాం దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం తెలుసుకోవడానికి అవసరమైన పనులు చేయవచ్చు. ఆ సమాచారం వేరే చోట తేలిగ్గా దొరకనిదై ఉండాలి. 52(1)(ఏసీ) ప్రకారం, ప్రోగ్రాంను వాడుతూ అది ఎలా పనిచేస్తుందో గమనించవచ్చు, పరీక్షించవచ్చు, వెనకున్న ఆలోచనలు, సూత్రాలు తెలుసుకోవచ్చు. పోతుందేమోనన్న భయానికి బ్యాకప్ కాపీ తీసుకోవడానికి (ఏఏ) కింద వీలుంది. ఈ మాటలన్నీ న్యాయంగా కలిగి ఉన్నవాళ్ళ గురించే. హాస్టల్లో పెన్‌డ్రైవ్ మీద తిరిగే కాపీకి ఇవేవీ వర్తించవు.

ఇంజిన్ రాసేవాళ్ళలోనూ మూడు దారులున్నాయి. మొదటివాళ్ళు ఆటను బయటి నుంచి గమనించి, ఫైళ్ళు విప్పి చూసి, కోడ్ మాత్రం సొంతంగా మొదటి గీత నుంచి రాస్తారు. ఓపెన్‌ఎండబ్ల్యూ, జెమ్ఆర్‌బీ, ఎగ్జల్ట్ ఈ దారిలోవి. రెండోవాళ్ళు అసలు ప్రోగ్రాంనే విప్పి దాని కోడ్‌ను తిరిగి రాబడతారు. డయాబ్లో విషయంలో అదే జరిగింది. ప్లేస్టేషన్ వెర్షన్‌లో పొరపాటున మిగిలిపోయిన డీబగ్ గుర్తులు పట్టుకుని 2018లో డెవిల్యూషన్ బయటికి వచ్చింది. ఈ రెండో దారిలో గొడవలు వచ్చే అవకాశం ఎక్కువ. రోల్ ప్లేయింగ్ గేమ్ కాకపోయినా, జీటీఏ కోడ్‌ను ఇలాగే తిరిగి రాబట్టిన రీ3 ప్రాజెక్టు వాళ్ళ మీద టేక్‌టూ కంపెనీ 2021లో అమెరికాలో కేసు వేసింది. మూడోది, కంపెనీయే పెద్దమనసుతో కోడ్ ఇచ్చేయడం. ఆర్కేన్ వాళ్ళు 2002 నాటి ఆర్క్స్ ఫటాలిస్ కోడ్‌ను 2011లో జీపీఎల్ కింద విడుదల చేశారు. దాని మీద ఆర్క్స్ లిబర్టాటిస్ పుట్టింది. ప్రతి కంపెనీ ఇలా చేస్తే ఇంత రాయాల్సిన పనే ఉండేది కాదు.

కాలేజీలో మొదటి, మూడో దారివి ధైర్యంగా చూపించండి.

రూపాయి పెట్టకుండా న్యాయంగా ఆడేవి ఏమన్నా ఉన్నాయా?

ఉన్నాయి, అవి చిన్నవి కూడా కావు. డాగర్‌ఫాల్ 1996 నాటి ఆట. దాన్ని చేసిన బెథెస్డా కంపెనీ 2009లో ఉచితం చేసింది, ఇప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కూడా ఉచితంగానే ఉంది. ఆ డేటా తీసుకుని డాగర్‌ఫాల్ యూనిటీలో పెడితే సరి. మన కాలపు మౌస్, స్క్రీన్‌లతో, అప్పట్లో జనాన్ని ఏడిపించిన బగ్గులు చాలావరకు లేకుండా ఆడవచ్చు. లోకం ఎంత పెద్దదంటే, బ్రిటన్ అంత ఉంటుందని అప్పట్లో కంపెనీ చెప్పుకుంది. ఊర్లు, గుహలు ఎక్కువభాగం లెక్కల ప్రకారం పుట్టించినవే కాబట్టి కొంతసేపటికి ఒకేలా అనిపిస్తాయి. ఆ సంగతి తెలుసుకుని దిగండి. ఇంకోటి, ఈ ప్రాజెక్టు కోడ్ ఎంఐటీ లైసెన్సుతో తెరిచి ఉన్నా, కింద ఉన్న యూనిటీ అనే గేమ్ ఇంజిన్ మాత్రం మూసి ఉన్న సరుకే.

1985 నాటి అల్టిమా 4 ఉచితంగా దొరుకుతుంది. డెవిల్యూషన్‌ఎక్స్ అయితే డయాబ్లో షేర్‌వేర్ (రుచి చూడటానికి కంపెనీ ఉచితంగా ఇచ్చిన) డేటాతో కూడా నడుస్తుంది, మొదటి కొంత భాగం ఆడుకోవచ్చు. మిగతావి పండగ సేల్స్‌లో బాగా తగ్గుతాయి, కాస్త ఓపిక పట్టి అప్పుడు కొనుక్కోండి.

మారోవిండ్‌ను ఓపెన్‌ఎండబ్ల్యూలో ఎలా ఎక్కించాలి?

ముందు ఆటను మామూలుగా ఇన్‌స్టాల్ చేయండి. ఒక జీబీకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి రోజుకింత అని వచ్చే ఫోన్ డేటా ప్యాక్‌తోనే దించుకోవచ్చు. లినక్స్‌లో ఉన్నవాళ్ళు గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణం నుంచి కొన్న విండోస్ ఇన్‌స్టాలర్‌ను ఇన్నోఎక్స్‌ట్రాక్ట్ అనే చిన్న పరికరంతో విప్పవచ్చు, విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ అక్కర్లేదు.

తర్వాత ఓపెన్‌ఎండబ్ల్యూ లాంచర్ తెరిస్తే విజార్డ్ వస్తుంది. ఆట ఇప్పటికే ఉంది అనే ఆప్షన్ ఎంచుకుని, డేటా ఫైల్స్ ఫోల్డర్‌లోని మారోవిండ్ డాట్ ఈఎస్ఎం ఫైలును చూపించండి. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. స్థలం మిగులుతుందని డేటా ఫైల్స్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకుని, దాని పైన ఉండే మారోవిండ్ డాట్ ఐఎన్ఐ ఫైలును వదిలేస్తారు. వాతావరణం, ఆకాశం రంగులు, ఇంకెన్నో విలువలు ఆ చిన్న ఫైలులోనే ఉంటాయి. విజార్డ్ వాటిని చదివి తన కన్ఫిగ్‌లోకి తెచ్చుకుంటుంది. కాబట్టి ఫోల్డర్ మొత్తం ఉంచండి. ఆ తర్వాత లాంచర్‌లో ముందు మారోవిండ్, తర్వాత ట్రైబ్యునల్, ఆ తర్వాత బ్లడ్‌మూన్ వరసలో టిక్ పెట్టి ప్లే నొక్కడమే.

జెమ్ఆర్‌బీకి ఇంత కూడా లేదు. కన్ఫిగ్ ఫైలులో గేమ్‌పాత్ అన్న చోట ఆట ఫోల్డర్ దారి రాసి, గేమ్‌టైప్ దగ్గర ఆటో అని ఉంచితే అదే పోల్చుకుంటుంది.

కత్తి తగిలినట్టే కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పడదు. కొత్త ఇంజిన్‌లో తప్పా?

మారోవిండ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ మొదటి గంటలోనే అడిగే ప్రశ్న. తప్పు కాదు. 2002లో అసలు ఆట ఎలా లెక్క కట్టిందో ఓపెన్‌ఎండబ్ల్యూ కూడా అలాగే కడుతోంది. ఇంజిన్‌ను తిరిగి రాయడం ఎంత నిష్ఠగా జరిగిందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇక్కడ దెబ్బ తగలడం కత్తి ఎక్కడ తిరిగింది అన్నదాన్ని బట్టి ఉండదు. లోపల పాచిక వేస్తారు. ఆ ఆయుధంలో మీ నైపుణ్యానికి, మీ చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలుపుతారు. వచ్చినదాన్ని అలసట లెక్కతో గుణిస్తారు. ఆకుపచ్చ పట్టీ నిండుగా ఉంటే 1.25తో, పూర్తిగా ఖాళీ అయితే 0.75తో. ఎదుటివాడు తప్పించుకునే విలువను కూడా ఇలాగే, నైపుణ్యం లేకుండా, కట్టి ఇందులోంచి తీసేస్తారు.

మీ నైపుణ్యం 30, చురుకుదనం 40, అదృష్టం 40 అనుకుందాం. 30, 8, 4 కలిపితే 42. పట్టీ నిండుగా ఉంటే 52.5. ఎదుటివాడి చురుకుదనం, అదృష్టం కూడా నలభై చొప్పునే ఉండి, వాడు అలసిపోకుండా ఉంటే 15 పోతుంది. మిగిలేది నూటికి 37.5. ఇప్పుడు మీరు ఊరంతా పరిగెత్తి వచ్చి పట్టీ ఖాళీగా ఉన్నప్పుడు కొట్టారు. 42ను 0.75తో గుణిస్తే 31.5, అందులో 15 పోతే 16.5. అంటే ఆరు దెబ్బల్లో ఒకటి తగిలితే గొప్ప. నడిచి వెళ్ళండి, కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుని కొట్టండి, నైపుణ్యం ఉన్న ఆయుధమే పట్టండి. అంతే తేడా.

ఈ లెక్కలో కొన్ని అంకెలు డేటా ఫైలులో ఉన్నాయి, వాటిని ఎలా కలపాలన్నది మాత్రం అసలు ప్రోగ్రాం లోపల దాగి ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఒక దారి, ఒక విలువ మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, పదేపదే కొట్టి చూసి, రాసుకోవడం. తాళం తీయడం, మంత్రం విఫలమవడం, అంగట్లో బేరం, దొంగతనంలో దొరికిపోవడం, వీటిలో ప్రతిదానికీ వెనక ఇలాంటి లెక్క ఒకటి ఉంది. అన్నీ ఒక్కొక్కటిగా తేల్చినవే. ఇంత పని చేసి, ఆ లెక్కలన్నీ అందరూ చదువుకునేలా పెట్టారు.

మోడ్లు పనిచేస్తాయా?

కొత్త బొమ్మలు, కొత్త ఊర్లు, కొత్త కథలు కలిపే మోడ్లు ఓపెన్‌ఎండబ్ల్యూలో చాలావరకు పనిచేస్తాయి. మారోవిండ్ ప్రధాన భూభాగాన్ని ఏళ్ళ తరబడి కడుతున్న టామ్రియల్ రీబిల్ట్ అనే మోడ్ కూడా నడుస్తుంది. పనిచేయనివి అసలు మారోవిండ్ ప్రోగ్రాంలోకే చొరబడి పనిచేసే మోడ్లు. ఎండబ్ల్యూఎస్ఈ (మారోవిండ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్) మీద ఆధారపడినవన్నీ ఆ కోవలోవే. అవి వెతుక్కునే పాత ప్రోగ్రాం ఇక్కడ లేదు. వాటికి బదులుగా 0.48 వెర్షన్ నుంచి ఓపెన్‌ఎండబ్ల్యూలో లువా స్క్రిప్టులు రాసే వీలు వచ్చింది. 2025లో వచ్చిన 0.49లో అది ఇంకా పెరిగింది.

స్నేహితులతో కలిసి ఆడవచ్చా?

టీఈఎస్3ఎంపీ అని ఉంది, ఓపెన్‌ఎండబ్ల్యూ పాత వెర్షన్ ఒకటి తీసుకుని కట్టింది. ఒకే వైఫైలో నలుగురు కలిసి ఆడుకోవడానికి బాగుంటుంది. కొత్త వెర్షన్లలోని సౌకర్యాలు మాత్రం అందులో ఉండవు.

ఇంట్లో ఒకటే లాప్‌టాప్, అది మా చెల్లె చదువుకు కావాలి. ఫోన్‌లో నడుస్తాయా?

నడుస్తాయి. ఓపెన్‌ఎండబ్ల్యూ, జెమ్ఆర్‌బీ, ఎగ్జల్ట్, డెవిల్యూషన్‌ఎక్స్, ఈజీఆర్‌పీజీ, స్కమ్‌వీఎం అన్నిటికీ ఆండ్రాయిడ్ రూపాలున్నాయి. ఆట డేటాను ఒకసారి కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కాపీ చేయాలి. చిన్న తెర మీద హాయిగా ఉండేవి డయాబ్లో, ఆర్‌పీజీ మేకర్ ఆటలు. బాల్డర్స్ గేట్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయి, పేజీలకు పేజీలు చదవాలి కాబట్టి కళ్ళు లాగుతాయి. దాన్ని లాప్‌టాప్ ఖాళీ ఉన్నప్పుడు ఆడటమే మంచిది.

లాప్‌టాప్ సంగతికి వస్తే, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నదైనా సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఓపెన్‌ఎండబ్ల్యూ మెల్లగా నడుస్తుంటే సెట్టింగ్స్‌లో నీడలు తీసేయండి, చూపు దూరం తగ్గించండి, ఫ్రేమ్ రేటుకు 30 అని పరిమితి పెట్టండి. మన నల్లగొండ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. పరిమితి పెడితే లాప్‌టాప్ చాలా చల్లగా ఉంటుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. డెస్క్‌టాప్ వాళ్ళు కరెంటు పోతుందన్న టెన్షన్ లేకుండా ఉండాలంటే ఎఫ్5 నొక్కడం అలవాటు చేసుకోండి, ఓపెన్‌ఎండబ్ల్యూలో క్విక్ సేవ్ అదే.

ఈ ఆటలను తెలుగులో ఆడే రోజు వస్తుందా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. రావచ్చు, కానీ అనువాదం కన్నా ముందు దాటాల్సిన గోడ ఒకటుంది.

పాత ఆటల్లో ఒక అక్షరం అంటే ఒక బైట్. అంటే మొత్తం 256 గుర్తులకే చోటు. మారోవిండ్ డేటాను చదివేటప్పుడు ఏ ఎన్‌కోడింగ్ వాడాలో ఓపెన్‌ఎండబ్ల్యూ కన్ఫిగ్‌లో చెప్పవచ్చు, కానీ అక్కడున్నవి మూడే: విన్1250, విన్1251, విన్1252. మధ్య ఐరోపా భాషలకు ఒకటి, రష్యన్ లాంటివాటికి ఒకటి, ఇంగ్లీషు, ఫ్రెంచి లాంటివాటికి ఒకటి. తెలుగుకు అక్కడ చోటు లేదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. నల్లగొండ అని రాస్తే లోపల ఎనిమిది గుర్తులు, 24 బైట్లు.

అది దాటినా ఇంకోటి ఉంది. ఆ ఎనిమిది గుర్తులను ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే నల్లగొండ కాదు. ల, దాని తర్వాత పొల్లు, మళ్ళీ ఇంకో ల, ఈ మూడూ కలిసి లకు లవత్తుగా మారాలి. గ మీద ఒత్వం కూర్చోవాలి. ఈ కూర్పు చేసే లైబ్రరీ హార్ఫ్‌బజ్. మీ ఫోన్‌లో, బ్రౌజర్‌లో తెలుగు సరిగ్గా కనిపిస్తుందంటే ఇలాంటి కూర్పు వెనక జరుగుతూ ఉంది కాబట్టే. పాత ఆటల కోసం రాసిన ఇంజిన్లు ఇంగ్లీషు పద్ధతిలో అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ పోతాయి. వత్తులన్నీ విడిపోయి, చదవడానికి వీల్లేకుండా వస్తుంది.

మూసి ఉన్న ఆటలో అయితే ఇక్కడితో కథ ముగిసేది. ఇక్కడ అక్షరాలు గీసే కోడ్ తెరిచి ఉంది. ఓపెన్‌ఎండబ్ల్యూ సొంత మెనూ మాటలు కొత్త వెర్షన్లలో మామూలు వైఎంఎల్ ఫైళ్ళలో, యూనికోడ్‌లోనే ఉంటున్నాయి. అంటే సగం దారి పడింది. వత్తులు సరిగ్గా కూర్చే పని ఎవరైనా తలకెత్తుకుంటే ఒక్క తెలుగుకే కాదు, కన్నడ, తమిళం, హిందీ అన్నిటికీ దారి తెరుచుకుంటుంది. స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో సాఫ్ట్‌వేర్ కోసం ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నారు. అక్కడి వాలంటీర్లలో ఫాంట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఇది మంచి పని. మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో చదివే ఒక జట్టు దీన్ని మొదలుపెడితే చూడాలని నాకు గట్టిగా ఉంది.

బీటెక్ మినీ ప్రాజెక్టుకు ఇందులో ఏమన్నా దొరుకుతుందా?

దొరుకుతుంది, సెంటర్లలో డబ్బులిచ్చి తెచ్చుకునే ప్రాజెక్టుల కన్నా వెయ్యి రెట్లు మంచిది.

బాల్డర్స్ గేట్ ఫోల్డర్‌లో చిటిన్ డాట్ కీ అనే ఫైలు ఉంటుంది. ఆటలోని వేల ఫైళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే సూచిక అది. మొదటి 24 బైట్లు హెడర్. నాలుగు బైట్లలో కీ అనే గుర్తు, నాలుగింటిలో వెర్షన్, తర్వాత నాలుగేసి బైట్లలో బిఫ్ ఫైళ్ళ (అసలు డేటాను దాచే పెద్ద ఫైళ్ళ) సంఖ్య, లోపలి వస్తువుల సంఖ్య, అవి మొదలయ్యే చోట్లు. లోపలి వస్తువుల పట్టికలో ఒక్కో వస్తువుకు సరిగ్గా 14 బైట్లు. పేరుకు ఎనిమిది, రకానికి రెండు, చిరునామాకు నాలుగు. ఆ నాలుగు బైట్లు అంటే 32 బిట్లలో పై 12 బిట్లు ఏ బిఫ్ ఫైలో చెబుతాయి, తర్వాతి ఆరు టైల్‌సెట్‌ల కోసం, చివరి 14 అందులో ఎన్నో ఫైలో చెబుతాయి. పేరుకు ఎనిమిది బైట్లే కాబట్టి మోడ్లు రాసేవాళ్ళు ఈ రోజుకీ ఎనిమిది అక్షరాల్లోనే పేర్లు పెట్టుకుంటారు.

దీన్ని చదివే ప్రోగ్రాం పైథాన్‌లో రాయండి. క్లాసులో చెప్పిన బిట్ షిఫ్టింగ్, ఫైల్ ఆఫ్‌సెట్, లిటిల్ ఎండియన్ అన్నీ ఒక్క దెబ్బకు చేతికి వస్తాయి. ఐఈఎస్‌డీపీ అనే వివరణల సంకలనంలో ఈ ఫార్మాట్లన్నీ రాసి ఉన్నాయి. అది పూర్తయ్యాక జెమ్ఆర్‌బీ కోడ్ తెరవండి. లోపలి భాగం సీ ప్లస్ ప్లస్, కానీ పాత్రను తయారు చేసుకునే తెరలు, సంచి, మంత్రాల పుస్తకం లాంటివన్నీ పైథాన్ స్క్రిప్టులు. ఒక బటన్ నొక్కితే ఏం జరుగుతుందో ఆ ఫైలు తెరిచి మీరే మార్చి, వెంటనే ఆటలో చూసుకోవచ్చు. పెద్ద ప్రాజెక్టు కోడ్ చదవడం ఇంత తేలిగ్గా నేర్పే చోటు నాకు ఇంకోటి కనిపించలేదు. ఆట డేటాను మాత్రం మీ ప్రాజెక్టుతో పాటు గిట్‌హబ్‌లో పెట్టవద్దు, ఒక్క బొమ్మ కూడా.

నాకు కోడింగ్ రాదు. అయినా సాయం చేయవచ్చా?

ఈ ప్రాజెక్టులకు ఎప్పుడూ కొరతగా ఉండేది ఓపికగా ఆడి, తప్పును సరిగ్గా రాసి చెప్పేవాళ్ళే. ఆట ఆగిపోయింది అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ పనికిరాదు. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏయే మోడ్లు ఉన్నాయి, ఏం చేస్తే జరిగింది, మళ్ళీ అలాగే చేస్తే మళ్ళీ జరుగుతోందా, ఇవన్నీ రాయాలి. జరగడానికి ముందున్న సేవ్ ఫైలు, ఓపెన్‌ఎండబ్ల్యూ డాట్ లాగ్ ఫైలు జతచేయాలి. ముందు మోడ్లన్నీ తీసేసి ఒకసారి ప్రయత్నించండి, చాలా తప్పులు అక్కడే తేలిపోతాయి.

అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇంకోటి ఉంది: అసలు ఆటలో అదే చోట ఏం జరుగుతుంది? అసలు ఇంజిన్‌లో కూడా అలాగే ఉంటే అది తప్పు కాకపోవచ్చు. వేరుగా ఉంటే, ఆ రెండింటి తేడాను మీరు రాసి పంపిన రోజే సరిచేసే పని మొదలవుతుంది. ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు. చిన్న చిన్న వాక్యాల్లో, వరసగా రాయండి. ఓపెన్‌ఎండబ్ల్యూ తప్పులు గిట్‌ల్యాబ్‌లో, జెమ్ఆర్‌బీ, ఎగ్జల్ట్‌లవి గిట్‌హబ్‌లో నమోదు చేస్తారు. రాసేముందు అదే తప్పు ఎవరైనా ఇప్పటికే చెప్పారేమో వెతకండి. చెప్పి ఉంటే కొత్తది తెరవకుండా, మీ దగ్గర ఎలా జరిగిందో దాని కిందే రాయండి.